గొంతుకు కట్టే బెల్టు

కాజీపేటలో రైలు కూతకు నిద్ర లేచేవాళ్లు ఉండరు. సికింద్రాబాద్ వైపు, ఢిల్లీ వైపు, విజయవాడ వైపు పట్టాలు చీలే జంక్షన్ అది. రాత్రంతా గూడ్సు బండ్లు నేల అదిరేలా కదులుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టం మొదటి రాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చుంటే ఇంటివాళ్లు నవ్వుతారు. "రెండు రోజులైతే నీకు గుడ ఇనవడది తియ్" అంటారు. అదే ఇంటి పక్కన, రాత్రి రెండింటికి, మూడో అంతస్తు బాల్కనీలో ఒక బొచ్చు కుక్క నాలుగుసార్లు మొరిగితే చాలు. కిందా పైనా లైట్లు వెలుగుతాయి.

రైలుకు ఓ వేళ ఉంది, ఓ లయ ఉంది. చెవి దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కుక్క మొరుగుడుకు అవేమీ లేవు. ఎప్పుడు మొదలవుతుందో తెలీదు, ఎప్పుడు ఆగుతుందో అసలే తెలీదు. ఆగిందని కళ్లు మూసుకున్నాక కూడా, మళ్లీ వస్తుందేమోనని చెవి కాచుకుని ఉంటుంది. పొరుగువాళ్ల నిద్ర చెడేది కుక్క మొరిగిన ఐదు నిమిషాలకు కాదు, ఆ తర్వాత ఎదురుచూసే గంటకు.

ఈ సంగతి ఇంత వివరంగా ఎలా తెలుసంటే, ఆ బొచ్చు కుక్క మాదే. పేరు టామీ. పేరు పెట్టడంలో మా ఇంటిల్లిపాది ఊహాశక్తీ అక్కడితో ఆగిపోయింది. పామేరియన్ అని కొన్నాం. నిజానికి మన దగ్గర ఆ పేరుతో తిరిగే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా వేసింది కూడా ఆ జాతి కుక్కే. చిన్న ఇంట్లో సర్దుకుంటుంది, అన్నం పెట్టినా తింటుంది, గడప దగ్గర ఆకు కదిలినా మొరుగుతుంది. ఈ చివరి గుణం చూసే ఒకప్పుడు జనం దాన్ని ఇళ్లకు తెచ్చుకున్నారు. విడి ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఇప్పుడు గడప అవతల ఆకులు కదలవు. లిఫ్టు తలుపులు, డెలివరీ కుర్రాళ్లు, పైఇంటి చెప్పుల చప్పుళ్లు రోజంతా కదులుతూనే ఉంటాయి.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఉదయం మెసేజ్ వచ్చింది. "సార్, మీ కుక్క రాత్రంతా ఒర్రుతాంది. మా పిల్లగానికి ఎప్‌సెట్ ఉంది. జర సూడుండ్రి." కింది ఫ్లాటు పెద్దాయన. రిటైరైన మనిషి, ఎవరి జోలికీ పోని మనిషి. ఆయన అడిగాడంటే ఎన్నాళ్లు ఓర్చుకుని అడిగాడో అర్థమైంది. గంట తిరక్కుండానే నాలుగో అంతస్తు తమ్ముడు ఒక లింకు పెట్టాడు. "అన్నా, గిది పెట్టుండ్రి. రెండు రోజుల్ల నోరు మూస్కుంటది."

ఆ లింకులో ఉన్నది బార్క్ కాలర్.

*

మన దగ్గర కాలర్ అంటే చొక్కాకు ఉండేది. కుక్క మెడకు కట్టేది బెల్టు. కాబట్టి ఇది వాడేవాళ్ల నోట్లో కరెంటు బెల్టు, షాక్ బెల్టు. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలు పెడితే వస్తుంది. పట్టీకి అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ డబ్బా. దాని లోపలి వైపు రెండు లోహపు మొనలు, అవి గొంతు చర్మానికి ఆనాలి. డబ్బాలో ఒక బ్యాటరీ, మొరుగును పసిగట్టే సెన్సర్. కుక్క మొరగగానే ముందు కీచుమంటుంది, తర్వాత ఫోను వణికినట్టు వణుకుతుంది, అయినా ఆగకపోతే మొనల గుండా చిన్న విద్యుత్ ఘాతం. మొరిగిన కొద్దీ మెట్టు పెరుగుతుంది. షాక్ లేకుండా ఒట్టి వణుకుతో ఆగేవి ఉన్నాయి. కుక్క ముక్కు మీదికి నిమ్మగడ్డి వాసన వచ్చే సిట్రొనెల్లా తుంపర కొట్టేవి ఉన్నాయి. మనిషి చెవికి అందని సన్నటి ధ్వని చేసేవీ ఉన్నాయి. మనకు ఇరవై కిలోహెర్ట్జ్ దగ్గర చెవి మూసుకుపోతుంది, కుక్కకు అంతకు రెట్టింపు పైన కూడా వినబడుతుంది.

అన్నిట్లోనూ అసలు కిటుకు సెన్సర్‌దే. చవక రకాల్లో ఒట్టి మైకే ఉంటుంది. దానికి టామీ మొరుగుకూ, పక్కింటి లాబ్రడార్ మొరుగుకూ తేడా తెలియదు. పక్కది మొరిగితే మనదానికి శిక్ష పడుతుంది. కాస్త ఖరీదైనవి గొంతులో పుట్టే కంపనాన్ని కూడా చూసి, రెండూ కలిస్తేనే పనిచేస్తాయి.

పెట్టె వచ్చిన రోజు ముందు నా ముంజేతికే కట్టుకుని పరీక్ష బటన్ నొక్కి చూశాను. ఒకటో మెట్టు చీమ కుట్టినట్టుంది. మూడోది, వానాకాలంలో బట్టలారేసే ఇనుప తీగకు ఎక్కడో కరెంటు తగిలి ఉంటే చెయ్యి పెట్టగానే కొట్టే జివ్వు. నొప్పి పెద్దది కాదు. కానీ ఆ తర్వాత ఆ బటన్ మీదికి వేలు మళ్లీ వెళ్లడానికి ఒప్పుకోలేదు. ఐదు వరకు మెట్లున్నాయి. ఐదోది చూడలేదు.

రెండు రోజులు కట్టాం. వణుకు, రెండో మెట్టు, అంతే. మొదటి సాయంత్రం లిఫ్టు ఆగిన చప్పుడుకు టామీ మొరిగింది, కుయ్యిమంది, వెనక్కి తిరిగి తన వెనకాల ఎవరున్నారా అని చూసింది. ఇంకోసారి మొరిగింది, ఇంకోసారి వెనక్కి చూసింది. ఆ తర్వాత నోరు తెరవలేదు. నాలుగో అంతస్తు తమ్ముడి మాట అక్షరాలా నిజమైంది. రెండో రోజు బడి నుంచి పిల్ల వచ్చి బెల్లు కొట్టింది. రోజూ తలుపు దగ్గర చిందులు వేసే కుక్క మంచం కింద నుంచి బయటికి రాలేదు.

బెల్టు విప్పేశాను. పాపం అనిపించి విప్పాను, నిజమే. కానీ ఆ సాయంత్రమే కూర్చుని దీని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివాక, విప్పడానికి పాపం కాక వేరే కారణాలు కూడా ఉన్నాయని తెలిసింది.

*

ముందు బెల్టు తరఫున చెప్పాల్సింది చెప్పాలి. 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఆశ్రయ కేంద్రంలోని కుక్కలకు షాక్ బెల్టు, నిమ్మ తుంపర బెల్టు కట్టి చూశారు. రెండింటితోనూ రెండో రోజుకే మొరుగుడు తగ్గింది. రక్తంలో కార్టిసాల్, అంటే ఒత్తిడి హార్మోన్, బెల్టు లేని కుక్కలతో పోలిస్తే చెప్పుకోదగ్గంత పెరగలేదు. కాబట్టి ప్రతి బెల్టూ చిత్రహింసే అని ప్రకటించేవాళ్ల మాటా పూర్తిగా నిలబడదు.

అదే 2007లో జర్మనీలో బీగిల్ కుక్కల మీద జరిగిన ఇంకో అధ్యయనం అసలు చిక్కు ఎక్కడుందో చూపించింది. తాను ఏం చేస్తే షాక్ వస్తుందో తెలిసిన కుక్కల్లో ఒత్తిడి తక్కువ. ఎందుకొస్తుందో, ఎప్పుడొస్తుందో తెలియని కుక్కల్లో కార్టిసాల్ అన్నిటికన్నా ఎక్కువ. ప్రయోగశాలలో మీట మనిషి చేతిలో ఉంటుంది. మన అపార్ట్‌మెంట్‌లో అది పక్కింటి లాబ్రడార్ నోట్లో ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ విజిల్‌లో ఉంటుంది. టామీ వెనక్కి తిరిగి చూసింది అందుకే. శిక్ష పడింది, నేరం ఏమిటో తెలియలేదు.

ఇంకో ప్రమాదం ఉంది. బెల్టు కొట్టిన క్షణంలో కుక్క కళ్ల ముందు ఎవరున్నారో, ఆ నొప్పిని వాళ్లకు అంటగడుతుంది. ఎదురింటి చంటివాడిని చూసి మొరిగినప్పుడు గొంతులో పొడిచిందనుకోండి, నాలుగుసార్లయ్యాక మొరగకూడదని నేర్చుకుంటుందో, ఆ చంటివాడు కనబడితే నొప్పి వస్తుందని నేర్చుకుంటుందో చెప్పలేం. రెండోది నేర్చుకున్న కుక్క ఇక మొరిగి హెచ్చరించదు. మొరిగే కుక్క కరవదని తాతలు సామెత చెప్పారు గదా, మనం డబ్బులిచ్చి దాన్ని మొరగని కుక్కగా మారుస్తున్నాం.

నిమ్మగడ్డి తుంపర సంగతి కూడా విచిత్రమే. 1996లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని ఇళ్ల కుక్కలకు రెండు రకాలూ కట్టి యజమానుల్ని అడిగితే, షాక్ కన్నా తుంపరే బాగా పనిచేసిందని ఎక్కువ మంది చెప్పారు. కానీ 2001లో బెల్‌ఫాస్ట్ పరిశోధన చూపించినదాని ప్రకారం రోజూ కడితే కుక్క దానికి అలవాటు పడిపోతుంది, రోజు విడిచి రోజు కడితేనే ప్రభావం కాస్త ఎక్కువ నిలుస్తుంది. కాజీపేట వాళ్లకు రైలు ఎలాగో, కొన్నాళ్లకు కుక్కకు నిమ్మగడ్డి వాసన అలాగ.

వాడక తప్పదనుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆ లోహపు మొనలు గంటల తరబడి ఒకేచోట నొక్కుకుని ఉంటే చర్మం కమిలి పుండు పడుతుంది. చాలామంది దాన్ని కరెంటు కాలిన గాయం అనుకుంటారు, నిజానికి ఎక్కువసార్లు అది ఒత్తిడి పుండు. ఒత్తు బొచ్చు, ఓరుగల్లు ఎండ, కింద చెమ్మ, ఈ మూడూ కలిస్తే బొచ్చు కింద ఏం జరుగుతోందో పైకి కనబడదు. రోజంతా కట్టి ఉంచడం, రాత్రి కట్టి మరిచిపోవడం, ఆ బెల్టుకే గొలుసు తగిలించి లాగడం మూడూ చేయకూడనివి.

*

మొరుగుడు ఒకటే రకం కాదు. పెద్దయిన తోడేళ్లు చాలా అరుదుగా మొరుగుతాయి. మనిషి పంచన చేరిన కుక్క మాత్రం మొరుగుడునే భాషగా పెంచుకుంది. హంగరీలోని బుడాపెస్ట్‌లో ఓట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రకరకాల సందర్భాల్లో కుక్కల అరుపులు రికార్డు చేసి మనుషులకు వినిపించారు. 2005లో ఫలితాలు ప్రచురించారు. కుక్కను పెంచినవాళ్లే కాదు, పెంచనివాళ్లు కూడా ఏ అరుపు కొత్త మనిషిని చూసిందో, ఏది ఒంటరిగా కట్టేసినప్పటిదో ఒట్టి ఊహకు మించి సరిగ్గా చెప్పగలిగారు. లోగొంతుతో దడదడా వెంటవెంట వస్తే బెదిరింపు. సన్నగా, మధ్యలో ఎడం ఇస్తూ, ఒక్కొక్కటిగా వస్తే దిగులు.

ఇది చదివాక ఫోను రికార్డింగ్ పెట్టి ఇంటికి తాళం వేసి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వింటే మొదటి ఇరవై నిమిషాలు సన్నటి అరుపే. ఒకటి, ఆగి ఇంకొకటి, ఆగి ఇంకొకటి. పరిశోధకుడు అక్కర్లేదు, మా అమ్మ విని "ఎవలన్న ఉన్నరా అని పిలుస్తాంది బిడ్డా" అంది. రాత్రి రెండు గంటలది వేరు. అది దడదడా, బరువుగా ఉంది. బాల్కనీ కింద చికెన్ షాపు వెనక సందులో వీధి కుక్కలు చెత్త కోసం కొట్లాడుకుంటాయి. టామీ బాల్కనీ గ్రిల్లులోంచి వాటికి జవాబు చెబుతోంది. ఒకే కుక్క, రెండు మొరుగుళ్లు, రెండు కారణాలు. బెల్టుకు రెండూ ఒకటే.

పగటి దిగులుకు షాక్ కొడితే దిగులుకు భయం తోడవుతుంది. రాత్రి కాపలాకు షాక్ కొడితే? ఇక్కడ మనందరికీ చిన్నప్పుడు చెప్పిన చాకలి ఇంటి గాడిద కథ గుర్తుకు రావాలి. దొంగ వస్తే కుక్క మొరగలేదని గాడిద ఓండ్ర పెట్టి దెబ్బలు తింది. ఎవరి పని వాళ్లే చేయాలని ఆ కథకు నీతి తగిలించారు. తన పని తాను చేసిన కుక్కకు దెబ్బలు పడే కథను మాత్రం ఎవరూ రాయలేదు.

రాత్రి కుక్క ఊళపెడితే అపశకునమని, ఎవరికో మూడిందని మన ఇళ్లలో అనేవాళ్లు. లేచి చెప్పు తిరగేసేవాళ్లూ ఉన్నారు. అదొక్కటే నాకు ఈ బెల్టు కన్నా నయమనిపిస్తుంది. చెప్పు బోర్లా పడుతుంది, కుక్కకేమీ కాదు.

*

చట్టం ఏమంటుంది? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో షాక్ కాలర్ అన్న మాట లేదు. అప్పటికి అది మన ఊహలో లేదు. కానీ ఆ చట్టం 11వ సెక్షన్‌లో, జంతువును కొట్టడం, అతి బరువు మోయించడం లాంటి నేరాల వరసలో, చాలామంది కుక్క యజమానులు చదవని ఒక ఉపనిబంధన ఉంది. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే, లేదా ఇరుకు చోట మూసి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం యజమాని నేరం. అతి పొట్టి గొలుసుతో, అతి బరువు గొలుసుతో అదేపనిగా కట్టేయడమూ నేరమే. మొరుగుడుకు మందు ఏమిటో అరవై ఏళ్ల కిందటే చట్టంలో రాసి పెట్టారన్నమాట. తిప్పండి అని.

శిక్ష సంగతి చూస్తే నవ్వొస్తుంది. మొదటి తప్పుకు పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై ఐదు నుంచి వంద, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. వేల్స్ దేశంలో 2010లో ఎలక్ట్రిక్ కాలర్లను నిషేధించారు. మరుసటి ఏడాదే ఒకాయన తన కుక్కకు కట్టినందుకు రెండు వేల పౌండ్లు కట్టాడు. మన దగ్గర యాభై రూపాయలకు అదాలత్ చౌరస్తాలో రెండు ప్లేట్ల మిర్చి రావడం కష్టం.

అలాగని చట్టం కుక్క పక్కనే నిలబడి ఉందనుకోకూడదు. జంతు సంక్షేమ మండలి 2015లో అపార్ట్‌మెంట్ సంఘాలకు, కుక్క యజమానులకు మార్గదర్శకాలు పంపింది. మొరగడం కుక్కకు సహజం, దాన్ని సహించాలి అంటూనే, రాత్రి వేళల్లో ముఖ్యంగా తమ కుక్కలు నిశ్శబ్దంగా ఉండేలా యజమానులు శాయశక్తులా ప్రయత్నించాలని చెప్పింది. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా హద్దు 45 డెసిబెల్స్. ఆస్ట్రేలియాలో 2012లో చార్లీ అనే గోల్డెన్ రిట్రీవర్ ఒక్క మొరుగుతో 113.1 డెసిబెల్స్ కొట్టి గిన్నిస్‌కెక్కింది. పెళ్లి బరాత్ డీజేల ముందు చార్లీ కూడా దిగదుడుపే గానీ, డీజేకు ఎవరూ బెల్టు కట్టరు. పబ్లిక్ న్యూసెన్స్ కింద భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ ప్రకారం వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కుక్కను కట్టిపడేస్తే యాభై, మొరగనిస్తే వెయ్యి. ఇక ఏది జరుగుతుందో ఊహించుకోవచ్చు.

కేసుల దాకా పోకముందే చేతుల దాకా పోయిన సందర్భాలున్నాయి. 2024 మేలో హైదరాబాద్ మధురానగర్‌లో ఒక హస్కీ కుక్క విషయమై ఇరుగుపొరుగు మధ్య రేగిన గొడవ కర్రలతో కుక్కనూ, ఇంటివాళ్లనూ కొట్టేదాకా వెళ్లింది. సీసీ కెమెరా దృశ్యాలు ఊరంతా చూసింది.

వరంగల్‌లో కుక్క అన్న మాట పలకగానే గుర్తొచ్చేది మరొకటి. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్స్ దగ్గర, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబంలోని చిన్న పిల్లవాడిని వీధి కుక్కలు చంపేశాయి. అంతకు మూడు నెలల ముందే హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు అలాగే పోయాడు. అప్పటి నుంచి ఇక్కడ ఏ కుక్క గొంతు వినబడినా తల్లి చెయ్యి పిల్లాడి రెక్క పట్టుకుంటుంది. పెంపుడు కుక్క మొరుగుడు మీద చిరాకులో ఈ భయం పాలు కూడా ఉంది. కింది ఫ్లాటు పెద్దాయనకు టామీ గొంతు ఒట్టి చప్పుడు కాదు. దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు కుక్క యజమానికి లేదు.

*

మేమేం చేశామో చెబుతాను. గొప్ప పద్ధతి అని కాదు, ఖర్చు లేనిది కాబట్టి.

రాత్రి టామీ పడకను బాల్కనీ గదిలోంచి హాలు మధ్యకు మార్చాం. బాల్కనీ గ్రిల్లుకు కింది సగం దాకా గోనెపట్టా కట్టాం. కనబడకపోతే సగం గొడవ తగ్గింది. చికెన్ షాపు అతనితో మాట్లాడితే వ్యర్థాలు మూత ఉన్న డ్రమ్ములో వేయడానికి ఒప్పుకున్నాడు, వారంలో ఐదు రోజులు వేస్తున్నాడు. పొద్దున పది నిమిషాలు కింద తిప్పి తెచ్చే తంతును మానేసి వడ్డేపల్లి చెరువు కట్ట మీద ముప్పావుగంట నడిపిస్తున్నాం, అడుగడుక్కీ ఆగి వాసన చూడనిస్తున్నాం. కుక్కకు వాసన చూడటమంటే పేపర్ చదవడమే. అది చదవనివ్వకుండా గొలుసు లాక్కుపోతే నడక అయినట్టు కాదు.

పగటి ఒంటరితనానికి ఎక్కువ ఓపిక పట్టింది. తాళం వేసి ఒక నిమిషం బయట నిలబడి, అరవకముందే లోపలికి రావడం. తర్వాత మూడు నిమిషాలు, పది, అరగంట. వెళ్లేముందు ముద్దులాడటం, వచ్చాక పండగ చేయడం రెండూ బంద్. లిఫ్టు చప్పుడుకు రెండుసార్లు మొరగనిచ్చి, "చాలు" అని, నోరు ఆపిన క్షణంలోనే ఉడికిన గుడ్డు ముక్క పెట్టడం. ముక్క ఆలస్యమైతే కుక్క దేనికి పెట్టారో మరిచిపోతుంది. అన్నం కోసం, ఆట కోసం చేసే గోలను మాత్రం పట్టించుకోకూడదు. ఇక్కడే చాలామంది ఓడిపోతారు. పట్టించుకోకపోతే మొదటి వారం గోల తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన పద్ధతి ఇప్పుడెందుకు పనిచేయట్లేదా అని ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది. సరిగ్గా అప్పుడు విసుగొచ్చి బిస్కెట్ పడేస్తే, ఇంత గట్టిగా అరవాలన్నమాట అని నేర్పినట్టే.

ఆ వారం మొదలుపెట్టేముందు కింది ఫ్లాటుకు వెళ్లాను. సంక్రాంతి దాటిన రోజులు. డబ్బా నిండా సకినాలు తీసుకెళ్లి, "సార్, ఈ వారం ఇంకా ఎక్కువైతది, ఓర్చుకోవాలె" అన్నాను. ఆయన సకినం విరిచి నోట్లో వేసుకుని, "ఎప్‌సెట్ మేల ఉన్నది తియ్" అన్నాడు.

ముసలి కుక్క కొత్తగా రాత్రిళ్లు అరవడం మొదలుపెడితే ఇవేవీ పనికిరావు. చెవుడు కావచ్చు, కీళ్ల నొప్పి కావచ్చు, మనుషులకు వచ్చే మతిమరుపు లాంటిదే కావచ్చు. దాన్ని ముందు డాక్టర్ చూడాలి. మామునూరులో పశువైద్య కళాశాలే ఉన్న ఊరు మనది. నొప్పితో మూలిగే కుక్క గొంతుకు షాక్ బెల్టు కట్టడం కన్నా సిగ్గుచేటు ఇంకోటి ఉండదు.

టామీ ఇప్పుడు అసలు మొరగదని చెప్పను. మొరుగుతుంది. లిఫ్టుకు రెండుసార్లు, కొత్త మనిషికి ఐదారుసార్లు, వీధిలో పెద్ద కొట్లాటైతే ఇంకా ఎక్కువ. బెల్టు మాత్రం దీపావళి కాకరపువ్వొత్తుల డబ్బా పక్కన, పైఅరలో ఉంది. చార్జింగ్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

మేడారం జాతరకు బయల్దేరే ముందు రోజు కింది పెద్దాయన బెల్లు కొట్టాడు. టామీ మొరిగింది. నేను "చాలు" అనబోతుంటే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాలుగు రోజులు ఇంట్ల ఎవ్వలం ఉండం సారూ. తాళమేసి పోతానం. గీ నాలుగు రోజులు జర దీన్ని బాల్కనీలనే పండవెట్టుండ్రి."